తొలి బండ్ల ఆనవాళ్లు: ఫ్యాక్టరీ మనసు మార్చుకున్న చోట్లు

ఏ కారూ బజారులోకి దిగిన మొదటి రోజే పరిపూర్ణంగా ఉండదు. గీతల్లో కుదిరింది పోతలో కుదరదు. పోతలో కుదిరింది రోడ్డు మీద నిలవదు. మొదటి కొన్ని వందల బండ్లు జనం చేతుల్లోకి వెళ్లాకే నీళ్లు ఎక్కడ చొరబడుతున్నాయో, ఏ లివరు చేతికి ఇబ్బందిగా ఉందో, ఏ క్లచ్చు తొందరగా అరుగుతోందో తెలుస్తుంది. అప్పుడు ఫ్యాక్టరీ దిద్దుకుంటుంది. ఒకచోట బోల్టు మారుతుంది, ఒకచోట రేకు మడత మారుతుంది, ఒకచోట భాగం మొత్తం కొత్తదవుతుంది. ప్రకటనల్లో ఈ మార్పుల ఊసు ఉండదు. బండి పేరు అదే, బొమ్మ అదే.

ఆ దిద్దుబాటుకు ముందు తయారైన భాగాలను గుర్తుపట్టడం పాతకార్ల లోకంలో డెబ్బై ఏళ్లకు పైగా సాగుతున్న విద్య. బయటివాళ్లకు ఇది పిచ్చి పట్టింపులా కనిపించవచ్చు. బానెట్ కింద ఏ గొళ్లెం ఉంటే ఏమిటి, డైనమో గుండ్రంగా ఉంటే ఏమిటి, పొడుగ్గా ఉంటే ఏమిటి అనిపించవచ్చు. కానీ ఫ్యాక్టరీ ఆలోచన ఎలా మొదలైందో, ఎక్కడ తడబడిందో, ఎలా తేరుకుందో చెప్పే సాక్ష్యం చాలాచోట్ల ఆ భాగం ఒక్కటే. దస్తావేజులు కాలిపోయాయి, పారేశారు, అసలు రాయనే లేదు. ఇనుము మిగిలింది. అందుకే తొలి భాగాన్ని లోపమని తీసిపారేయకముందు చదవడం నేర్చుకోవాలి. వందేళ్ల మోటారు చరిత్రను ఈ దృష్టితో ఒకసారి వెనుదిరిగి చూద్దాం.

తేడాకు అర్థం వచ్చిన కాలం

తొలినాటి కార్లలో ‘మార్పు’ అనే మాటకే చోటు లేదు, ఎందుకంటే ఏ రెండు బండ్లూ ఒకటిగా ఉండేవి కావు. పనివాడు ఆకురాయితో రాకి, తట్టి, ఒక భాగాన్ని దాని పక్క భాగానికి సరిపెట్టేవాడు. ఒక కారులోని గేరు చక్రం అదే కంపెనీ చేసిన ఇంకో కారులో పట్టకపోవడం మామూలు విషయం. రోల్స్-రాయిస్ వంటి సంస్థలు ఛాసిస్ మాత్రమే అమ్మేవి. బాడీని కొనుగోలుదారు మరో కార్ఖానాలో కట్టించుకునేవాడు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిలిచి ఉన్న నిజాముల పసుపుపచ్చని సిల్వర్ ఘోస్ట్ ఆ యుగపు బండే. అలాంటి కారుకు ఛాసిస్ చరిత్ర ఒకటి, బాడీ చరిత్ర ఇంకొకటి. అయినా సిల్వర్ ఘోస్ట్‌లోనూ తొలి, మలి తేడా ఉంది. మొదట్లో 7,036 సీసీలుగా ఉన్న ఆరు సిలిండర్ల ఇంజను, స్ట్రోక్ పెంచడంతో 7,428 సీసీలకు చేరింది.

పరిస్థితిని మార్చిన ఘట్టం 1908లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ రేసు మైదానంలో జరిగింది. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో మూడు ఒంటి సిలిండర్ క్యాడిలాక్ కార్లను పూర్తిగా విప్పేశారు. భాగాలన్నీ ఒకే కుప్పగా కలిపేశారు. కొన్నింటిని తీసేసి డీలరు దగ్గరున్న మామూలు స్పేర్లు పెట్టారు. ఆ కుప్పలోంచి మళ్లీ మూడు కార్లు బిగించి 500 మైళ్లు నడిపారు. ఆకురాయి అవసరం రాలేదు. హెన్రీ లీలాండ్ నడిపిన క్యాడిలాక్ కంపెనీకి ఈ పరీక్ష డ్యూవర్ ట్రోఫీని తెచ్చిపెట్టింది.

మన విషయానికి ఈ పరీక్షే మూలం. భాగాలన్నీ ఒకే కొలతకు తయారవుతున్నప్పుడు మాత్రమే ఒక భాగం వేరుగా ఉండటం అనేది వార్త అవుతుంది. చేతిపని కాలంలో తేడా అంటే పనివాడి చేతివాటం. ఆ తర్వాత తేడా అంటే ఎవరో కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయం.

మోడల్ టి: మొదటి 2,500

అదే 1908లో, సెప్టెంబరు 27న, డెట్రాయిట్‌లోని పికెట్ అవెన్యూ ఫ్యాక్టరీలో మొదటి ఉత్పత్తి మోడల్ టి ఫోర్డు పూర్తయింది. 1927 వరకు కోటీ యాభై లక్షలకు పైగా తయారైన ఈ కారు అంటే ఎప్పుడూ మారని నల్లబండి అనే అభిప్రాయం బలంగా ఉంది. భాగాలు చెప్పే కథ వేరు. నలుపు ఒక్కటే రంగుగా ఉన్నది 1914 నుంచి 1925 వరకే. మొదటి ఏళ్లలో ఎరుపు, బూడిద, ఆకుపచ్చ రంగుల్లో వచ్చేది.

అసలు తేడాలు లోపల ఉన్నాయి. మొదటి 2,500 ఇంజన్లలో నీటిని తిప్పడానికి గేరుతో నడిచే పంపు ఉండేది. 1909లో ఫోర్డు ఆ పంపును తీసేసింది. వేడెక్కిన నీరు తేలికై పైకి లేచి రేడియేటర్లోకి వెళుతుంది, చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. ఈ సహజ ప్రవాహమే చాలని తేల్చుకుంది. దాంతో ఇంజను ముందుభాగం రూపమే మారిపోయింది. తొలి రకం ఇంజన్లకు తర్వాతి భాగాలు అతకవు. అందుకే ఈ 2,500 బండ్లను మోడల్ టి అభిమానులు వేరే తరగతిగానే చూస్తారు.

వాటిలోనూ ఇంకో లోతైన పొర ఉంది. మొట్టమొదటి కొన్ని వందల కార్లలో రెండు పెడళ్లు, రెండు లివర్లు ఉండేవి. బండిని వెనక్కి నడపాలంటే రెండో లివరు లాగాలి. కొద్ది నెలల్లోనే మూడు పెడళ్లు, ఒక లివరు పద్ధతి వచ్చింది, వెనక్కి నడిపే పని మధ్య పెడలుకు అప్పగించారు. తర్వాతి పద్దెనిమిదేళ్లు కోట్లమంది పాదాలకు అలవాటైన అమరిక ఇదే. తొలినాళ్ల ఇంజన్లలో వాల్వులకు మూత ఉండేది కాదు. దుమ్ము నేరుగా వాటిమీద పడేది. 1911లో వాటికి తలుపుల్లాంటి మూతలు వచ్చాయి. ఇత్తడి రేడియేటరు 1916 మోడల్ దాకా నిలిచి, 1917 మోడల్‌లో నల్ల కవచానికి చోటిచ్చింది.

ఈ మార్పులను తేదీల వారీగా పేర్చడం ఎందుకు కష్టమో కూడా మోడల్ టి చెబుతుంది. 1914 దాకా ఫోర్డుకు ఎన్నో యంత్రభాగాలు డాడ్జ్ సోదరుల కార్ఖానా నుంచి వచ్చేవి. బాడీలు కూడా బయటి సంస్థలు కట్టేవి. కొత్త నమూనా ఒప్పుకున్నంత మాత్రాన గోదాములోని పాత సరుకును ఎవరూ తుక్కులో వేయరు. అది అయిపోయేదాకా వాడతారు. కాబట్టి ఒకే వారంలో పక్కపక్కన తయారైన రెండు బండ్లలో ఒకదానికి పాత భాగం, ఇంకోదానికి కొత్త భాగం ఉండటం అసహజం కాదు. ‘ఈ నంబరు వరకు ఇది, ఆ తర్వాత అది’ అని గీత గీయాలనుకునేవారు మొదట నేర్చుకోవాల్సిన పాఠం ఇది.

మోడల్ ఎ: తొందరలో పుట్టిన బండి

తొలి ఉత్పత్తి తేడాలకు పాఠ్యపుస్తకం లాంటి కారు ఏదని అడిగితే చాలామంది మోడల్ ఎ ఫోర్డు పేరే చెబుతారు. 1927 మేలో మోడల్ టి ఆగిపోయింది. దాదాపు ఆరు నెలలు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కొత్త అచ్చులు, కొత్త యంత్రాలు, కొత్త కొలతలు, అన్నీ ఒకేసారి సిద్ధం కావాలి. అక్టోబరు 20న మొదటి ఇంజను తయారైంది. డిసెంబరు 2న కారును జనానికి చూపించారు. లక్షల సంఖ్యలో ఆర్డర్లు ఎదురుచూస్తున్నాయి. అంత ఒత్తిడిలో మొదలైన ఉత్పత్తి నెలనెలా తనను తాను దిద్దుకుంటూ నడిచింది.

ఈ తొలి బండ్లను అభిమానులు ‘ఏఆర్’ అని పిలుస్తారు. వాటి గుర్తులు తెలిసినవాళ్లకు దూరం నుంచే కనిపిస్తాయి. స్టీరింగు చక్రం ఎర్రటి గట్టి రబ్బరుది. హ్యాండ్‌బ్రేకు లివరు డ్రైవరుకు ఎడమవైపు, తలుపు పక్కన ఉంటుంది. డైనమో పెద్ద డబ్బాలా గుండ్రంగా ఉంటుంది. దాన్ని ‘పవర్‌హౌస్’ అంటారు. క్లచ్చులో ఒక పళ్లెం బదులు అనేక పళ్లేలు. వీటిలో ప్రతిదీ 1928 పూర్తయ్యేలోపు మారిపోయినదే, లేదా మారే దారిలో ఉన్నదే.

హ్యాండ్‌బ్రేకు ఎందుకు మారిందో చూస్తే ఒక చిన్న లివరు వెనక ఎంత చరిత్ర ఉంటుందో అర్థమవుతుంది. మొదటి అమరికలో కాలి బ్రేకు, చేతి బ్రేకు రెండూ ఒకే బ్రేకు షూల మీద పనిచేసేవి. ఒకటి చెడితే రెండోది ఆదుకోవాలి కదా అని కొన్ని అమెరికన్ రాష్ట్రాల చట్టాలు అడ్డుపడ్డాయి. ఫోర్డు చేతి బ్రేకుకు వేరే షూలు, వేరే వ్యవస్థ పెట్టింది. లివరును ఎడమ పక్క నుంచి మధ్యకు తెచ్చింది. ఎడమచేతి లివరు ఉన్న మోడల్ ఎ ఈ వివాదానికి ముందునాటి బండి. ఆ లివరు ‘పాతపద్ధతి, పనికిరాదు’ అని మార్చేస్తే, చట్టం ఒక కంపెనీ చేయి వంచిన సంగతికి మిగిలిన ఇనుప ఆధారం పోయినట్టే.

మెరిసే భాగాల్లోనూ కాలం దాగి ఉంది. 1928, 1929 సంవత్సరాల బండ్ల మీద మెరుపు నికెల్ పూతది. 1930 నుంచి తుప్పు పట్టని ఉక్కు వచ్చింది. తెలియక నికెల్ భాగాలకు క్రోమ్ పూత పూయించిన పునరుద్ధరణలు లెక్కలేనన్ని. క్రోమ్ చల్లని నీలి ఛాయలో మెరుస్తుంది, నికెల్ వెచ్చని పసుపు ఛాయలో. కన్ను అలవాటు పడితే ఆ తేడా దాగదు.

1932 నాటికి నలభై ఎనిమిది లక్షలకు పైగా తయారైన ఈ కారు చుట్టూ 1950లలో రెండు పెద్ద క్లబ్బులు అమెరికాలో ఏర్పడ్డాయి: 1952లో మోడల్ ఎ రిస్టోరర్స్ క్లబ్, 1955లో మోడల్ ఎ ఫోర్డ్ క్లబ్ ఆఫ్ అమెరికా. ఇవి కలిసి పునరుద్ధరణకు ప్రమాణ గ్రంథాన్ని రూపొందించాయి. ఏ భాగం ఏ కాలంలో ఏ రూపంలో ఉండాలో వివరంగా తేల్చిన ఆ శ్రమ సామాన్యమైనది కాదు. ఫ్యాక్టరీ గీతలు, పత్రాలు, మిగిలిన అసలు బండ్లు, వీటిని పక్కపక్కన పెట్టి చూసి సాధించిన జ్ఞానం అది. ఒక కంపెనీ తన గురించి తాను రాసుకోని చరిత్రను ఆ బండ్ల యజమానులు రాశారు.

యుద్ధం తర్వాత: కొరత గీసిన రూపాలు

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక యూరప్‌లో తయారైన కార్ల తొలి భాగాలను చదవాలంటే ఇంజనీరింగ్ ఒక్కటే తెలిస్తే చాలదు, కొరత కూడా తెలియాలి. బ్రిటన్‌లో ఉక్కుకు రేషను. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో కనిపించిన ల్యాండ్ రోవర్ బాడీ అల్యూమినియం మిశ్రమలోహంతో ఉండటానికి కారణం అదే. ఉత్పత్తికి ముందు చేసిన 48 బండ్లు వేరే లోకం. ఆ తర్వాతి తొలి బండ్లలో హెడ్‌లైట్లు ముందు జాలీ వెనక ఉండేవి. తర్వాత అవి జాలీని చీల్చుకుని ముందుకు వచ్చాయి. ‘జాలీ వెనక దీపాలు’ అన్న ఒక్క గుర్తుతో ఇప్పటికీ అభిమానులు తొలి కాలపు ల్యాండ్ రోవర్‌ను వేరుచేస్తారు.

జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీని బ్రిటిష్ సైన్యాధికారి మేజర్ ఐవన్ హర్స్ట్ మళ్లీ నడిపించాడు. ఫోక్స్‌వాగన్ బీటిల్ వెనక అద్దం మొదట రెండు ముక్కలుగా ఉండేది. 1953 మార్చిలో అది ఒకే అండాకారపు అద్దమైంది. అయితే కొత్త డ్యాష్‌బోర్డు అంతకు ముందే, 1952 అక్టోబరులో వచ్చేసింది. కాబట్టి ఆ ఐదు నెలల బండ్లలో వెనక పాత చీలిక అద్దం, ముందు కొత్త డ్యాష్‌బోర్డు. వీటిని ‘జ్విట్టర్’ అంటారు. తెలియనివాడు చూస్తే ఎవరో రెండు బండ్లు కలిపి అతికించారని అనుమానిస్తాడు. తెలిసినవాడు మాత్రం ఫ్యాక్టరీ ఒక కాలు కొత్తదాంట్లో, ఒక కాలు పాతదాంట్లో పెట్టి నిలబడిన ఐదు నెలలను అందులో చూస్తాడు. మధ్యకాలపు బండ్లను తప్పుగా ‘సరిచేసే’ ప్రమాదం ఎక్కువ. వాటికి రక్షణ కూడా అంతే ఎక్కువ అవసరం.

జాగ్వార్ ఎక్స్‌కే 120 కథ ఇంకో రకం. 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో కనిపించినప్పుడు కంపెనీకి కొన్ని బండ్లు చేసి ఊరుకోవాలనే ఆలోచనే తప్ప, వేలల్లో చేయాలని లేదు. అందుకే చెక్క చట్రం మీద అల్యూమినియం రేకులు చేత్తో వంచి బిగించారు. జనం ఎగబడ్డారు. సుమారు 240 బండ్ల తర్వాత, 1950లో, అచ్చులో నొక్కిన ఉక్కు బాడీకి మారారు. అయస్కాంతం పెడితే అతుక్కోని తొలి ఎక్స్‌కే 120, ఒక కంపెనీ తన విజయాన్ని తానే ఊహించలేదని చెబుతుంది.

యాభైలు, అరవైలు: వేగం, పొరపాటు, దిద్దుబాటు

1953లో షెవ్రొలె కార్వెట్‌లు మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో 300 మాత్రమే తయారయ్యాయి. అన్నీ తెల్లవే, లోపల ఎరుపు. బాడీ ఫైబర్‌గ్లాస్‌ది కావడంతో పని అంతా చేతుల మీద. సొంత చక్రాల మూతలు సమయానికి అందకపోవడంతో మొదటి పాతిక బండ్లకు బెల్ ఎయిర్ కారు మూతలే పెట్టి పంపారు. ఎవరో తర్వాత మార్చిన మూతలనుకుని వాటిని తీసేస్తే అసలు బండి అసలుతనమే పోతుంది.

1959 ఆగస్టులో వచ్చిన మినీ కారు తొలి బండ్లలో వాన నీరు లోపలికి వచ్చేది. నేల రేకులు ఒకదానిమీద ఒకటి అతికిన అంచు తప్పు దిశలో ఉండటంతో చక్రాలు చిమ్మిన నీటిని అదే లోపలికి పట్టేది. అతుకు దిశ మార్చాక సమస్య తీరింది. ఇవాళ తొలి మినీ నేల రేకు కింద ఆ అతుకును చూసి వయసు చెప్పగలరు. తుప్పు వల్ల నేల రేకులు మార్చడం ఈ కార్లలో సర్వసాధారణం కాబట్టి, అసలు అతుకు మిగిలిన బండి అరుదు.

1961 మార్చి 15న జెనీవాలో ఆవిష్కరించిన జాగ్వార్ ఇ-టైప్ గురించి మరికాస్త నిలబడి మాట్లాడాలి. ప్రదర్శన కోసం 9600 హెచ్‌పీ నంబరున్న కారును ఇంగ్లండ్ నుంచి నడుపుకుంటూ తెచ్చారు. డిమాండ్ తట్టుకోలేక, కంపెనీ టెస్ట్ డ్రైవరు నార్మన్ డ్యూయిస్ 77 ఆర్‌డబ్ల్యూ నంబరున్న ఇంకో కారును కోవెంట్రీ నుంచి రాత్రంతా నడిపి చేర్చాడు. ఇ-టైప్ అందం అందరికీ తెలుసు. తొలి అయిదు వందల దాకా బండ్లలో బానెట్ గొళ్లేలు బయటే ఉండేవి. ప్రత్యేకమైన చేతిపిడి తాళంచెవితో తిప్పి తెరవాలి. తర్వాత గొళ్లేలను లోపలికి మార్చారు. బానెట్ మీద గాలి చీలికలు మొదట విడి పలకలుగా చేసి అతికించారు. ఆ తర్వాత బానెట్‌తోనే నొక్కారు. నేల చదునుగా ఉండేది, పొడుగు మనుషులకు కాళ్లు పెట్టుకోవడం కష్టమైంది. 1962 తొలినాళ్లలో పాదాల చోట పల్లం తవ్వినట్టుగా నేలను కిందికి దించారు. ‘చదును నేల, బయటి గొళ్లెం’ ఇప్పుడు లక్షల డాలర్ల తేడా తెచ్చే గుర్తులు. ఆ డబ్బు వల్లే నకిలీలూ పుట్టాయి. తర్వాతి బండికి చదును నేల అతికించడం ఓ మంచి టింకరింగ్ పనివాడికి పెద్ద కష్టమేమీ కాదు. కాబట్టి ఒక గుర్తు చూసి నమ్మడం చెల్లదు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, బాడీ నంబరు, ఇవన్నీ కంపెనీ వారసత్వ సంస్థ ఇచ్చే ధ్రువపత్రంతో పోల్చాలి.

ఫోర్డు మస్టాంగ్ ఉత్పత్తి 1964 మార్చి 9న డియర్‌బోర్న్‌లో మొదలై, ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బయటపడింది. అధికారికంగా అన్నీ 1965 మోడళ్లే. అయినా ఆగస్టుకు ముందు బండ్లను అందరూ ‘అరవై నాలుగున్నర’ అంటారు. వీటిలో ఆల్టర్నేటర్ బదులు జనరేటర్ ఉంటుంది, డ్యాష్‌బోర్డులో హెచ్చరిక దీపం మీద కూడా ఆ పేరే ఉంటుంది. ఆరు సిలిండర్ల ఇంజను 170 ఘనపు అంగుళాలది, చిన్న వీ8 260ది. తర్వాత వాటి స్థానంలో 200, 289 వచ్చాయి. మొట్టమొదటి సీరియల్ నంబరు బండి 5ఎఫ్08ఎఫ్100001 కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో విమాన పైలట్ స్టాన్లీ టకర్‌కు పొరపాటున అమ్ముడైపోయింది. ఫోర్డు దాన్ని తిరిగి పొందడానికి ఆయనకు కొత్త మస్టాంగ్ ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పుడది డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. తొలి బండి విలువ తయారుచేసినవాళ్లకు కూడా ఆలస్యంగానే తెలిసిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

జపాన్ కూడా ఈ క్రమానికి వెలుపల లేదు. 1969లో మొదలైన డాట్సన్ 240జడ్ తొలి బండ్లలో గాలి బయటికి పోయే చీలికలు వెనక తలుపు మీద ఉండేవి. 1971 తొలి నెలల్లో అవి పక్క స్తంభాల మీదికి మారాయి.

మన దగ్గరి బండ్లు

భారతదేశంలో తొలి ఉత్పత్తి తేడాలకు ప్రత్యేకమైన స్వభావం ఉంది. ఇక్కడ మార్పు తెచ్చినది దిద్దుబాటు ఒక్కటే కాదు. విదేశీ భాగం స్థానంలో స్వదేశీ భాగం రావడం కూడా. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా అంబాసిడర్ మొదలుపెట్టింది. తొలి బండ్లలో పాత 1,476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజను. 1959లో దాని స్థానంలో 1,489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చింది. అప్పట్లో ఎవరూ దాన్ని ‘మార్క్ వన్’ అనలేదు. మార్క్ టూ వచ్చాకే మొదటిది మొదటిదైంది. 2014లో ఉత్పత్తి ఆగేదాకా ఈ కారు మనకు అన్నిచోట్లా కనిపించింది కాబట్టి, తొలి రకాన్ని ప్రత్యేకంగా దాచాలన్న ఆలోచన చాలామందికి రాలేదు. సైడ్ వాల్వ్ ఇంజను పాడైతే కొత్తది పెట్టుకున్నారు, ఆ తర్వాత డీజిల్ ఇంజను పెట్టుకున్నారు.

ఫియట్ 1100 కూడా అంతే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసిన తొలి తరం బండ్లలో ముందు తలుపులు వెనకవైపు కీళ్లతో, ఇప్పటికి భిన్నంగా తెరుచుకునేవి. తర్వాత వచ్చిన 1100డి, ప్రెసిడెంట్, పద్మిని తలుపులు మామూలు పద్ధతిలో తెరుచుకున్నాయి. విద్యుత్ భాగాల మీద ముద్ర చూస్తే ఇంకో కథ కనబడుతుంది. తొలి అంబాసిడర్లలో ఇంగ్లండ్ ముద్ర ఉన్న లూకాస్ డిస్ట్రిబ్యూటర్లు, డైనమోలు. 1961లో మద్రాసులో లూకాస్-టీవీఎస్ స్థాపన తర్వాత ఆ ముద్ర మారింది. ఒక పాత డైనమో మీద చెక్కిన ఊరి పేరులో దేశ పారిశ్రామిక చరిత్రలోని ఒక అధ్యాయం ఉంది. ఆ డైనమోను తుక్కు కిలోల లెక్కన అమ్మడం ఆ అధ్యాయాన్ని చించడమే.

భాగాన్ని చదివే పద్ధతి

ఇన్ని దశాబ్దాల అనుభవం నుంచి పండిన పద్ధతి ఒకటి ఉంది. మొదటిది, పోత మీద అక్షరాలు. అమెరికన్ ఫోర్డు పోతల మీద 1960లలో ‘4సి9’ లాంటి గుర్తు కనిపిస్తుంది. 4 అంటే 1964, సి అంటే మార్చి, 9 అంటే తేదీ. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఫోర్డు నెలల అక్షరాల్లో ఐ అక్షరాన్ని వదిలేసింది. జనరల్ మోటార్స్ వదల్లేదు. కాబట్టి జె అంటే ఫోర్డులో సెప్టెంబరు, జనరల్ మోటార్స్‌లో అక్టోబరు. ఒక్క నెల తేడాతో అసలు భాగం అనుమానాస్పదమవుతుంది, లేదా నకిలీ అసలైపోతుంది.

రెండోది, పార్టు నంబరు. ఫోర్డు 1960ల నంబర్లు ‘సి4జడ్’ లాంటి అక్షరాలతో మొదలవుతాయి. సి అంటే అరవైల దశకం, 4 అంటే ఏడాది, జడ్ అంటే మస్టాంగ్ కుటుంబం. చివరి అక్షరం ఎన్నో సవరణో చెబుతుంది. అయితే పోత మీది నంబరు, కొట్లో డబ్బా మీది నంబరు ఒకటే కానక్కర్లేదు. స్పేర్ల నంబరు వ్యవస్థ వేరు.

మూడోది, తేదీల వరుస. పోత పోసిన రోజు, యంత్రం మీద కోసిన రోజు, కారు బిగించిన రోజు ఒక క్రమంలో రావాలి. బండి తయారైన తేదీకి కొన్ని రోజుల నుంచి కొన్ని నెలల ముందు వరకు ఉన్న భాగం సహజం. తర్వాతి తేదీ ఉన్న భాగం మార్పిడిదే. బ్రిటిష్ బండ్లలో లూకాస్ భాగాల మీద నెల, ఏడాది అంకెలు ఉంటాయి. ట్రిప్లెక్స్ అద్దాల మీద అక్షరాల పక్కన చుక్కల్లో కాలం ఉంటుంది. ఒక తలుపు అద్దం మారిందా, లేదా అన్నది ఆ చుక్కలు చెప్పగలవు.

నాలుగోది, అంచులు, చిల్లులు, అతుకులు, పెయింటు కింది పొరలు. ఎవరూ చూడరనుకున్న చోటే ఫ్యాక్టరీ పని దాని అసలు రూపంలో ఉంటుంది. అయిదోది, స్పేర్ల పుస్తకాలు. జాగ్వార్ వంటి సంస్థల పుస్తకాల్లో ఏ ఛాసిస్ నంబరు నుంచి ఏ భాగం మారిందో రాసి ఉంటుంది. ఆ నంబర్లు మార్గదర్శకాలు మాత్రమే, ఎందుకంటే బండ్లు ఎప్పుడూ నంబరు వరుసలోనే బయటికి రావు. మస్టాంగ్ విషయంలో బండి బండికీ వివరాలిచ్చే ఫోర్డు ఉత్పత్తి సమాచారం 1967 నుంచే దొరుకుతుంది. అంటే అరవై నాలుగున్నర బండికి సాక్షి అది స్వయంగా, దాని భాగాలే.

వీటిలో ఏ ఒక్కటీ తీర్పు కాదు. అయిదూ కలిసి ఒకే మాట చెప్పినప్పుడే నమ్మాలి.

పునరుద్ధరణ దృష్టి మారిన తీరు

ఒకప్పుడు పాతకారును బాగుచేయడం అంటే ఫ్యాక్టరీ చేసినదానికన్నా మెరుగ్గా మెరిపించడం. బోల్టు బోల్టుకూ క్రోమ్ పూత, అద్దంలాంటి పెయింటు. అసలు బండి మీద పెయింటు కారిన చారలు, వెల్డింగు బొబ్బలు, సుద్దతో రాసిన గుర్తులు ఉండేవి. వాటిని లోపాలుగా చెరిపేశారు. 1974లో ఏర్పడిన కార్వెట్ పునరుద్ధరణ సంఘం ఎన్‌సీఆర్ఎస్ ఈ దృష్టిని తిప్పింది. కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉందా, ఇదే దాని ప్రశ్న. ఎక్కువ మెరుపుకు మార్కులు తగ్గుతాయి. ప్రపంచంలో పేరున్న పెబుల్ బీచ్ ప్రదర్శనలోనూ 2001 నుంచి ముట్టని, బాగుచేయని కార్లకు వేరే తరగతి వచ్చింది.

ఈ మార్పు చరిత్రకు జరిగిన మేలు. చిల్లుపడిన సీటు, మాసిన పెయింటు, నికెల్ పోయిన హ్యాండిల్, ఇవన్నీ చదవదగ్గవని ఒప్పుకున్నప్పుడే తొలి భాగాలకు రక్షణ దొరికింది.

మన దేశంలోనూ చట్టం ఒక అడుగు వేసింది. 2021లో కేంద్ర మోటారు వాహన నిబంధనలు సవరించి, యాభై ఏళ్లు దాటిన వాహనాలకు ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ ఏర్పరిచారు. నంబరులో రాష్ట్ర అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వస్తుంది. అందుకు షరతు ముఖ్యమైనది: ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో చెప్పుకోదగ్గ మార్పు చేయకుండా బండి అసలు రూపంలో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో గ్యారేజీల్లో మిగిలిన 1960ల నాటి అంబాసిడర్లు, ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డ్‌లు ఈ పరిధిలోకి వచ్చేశాయి. కాని అసలు రూపం ఏదో తెలియకుండా ‘అసలు రూపం’ షరతును ఎవరు పరీక్షిస్తారు? ఏ సంవత్సరం అంబాసిడర్‌కు ఏ గ్రిల్, ఏ ఇంజను, ఏ డైనమో అన్నది మోడల్ ఎ క్లబ్బుల పద్ధతిలో ఇక్కడా పద్దు రాసుకోవాలి. ఆ బండ్లు నడిచిన రోజుల్లో షెడ్డులో పనిచేసిన మెకానిక్కుల జ్ఞాపకాలు దానికి మొదటి ఆధారం. వారు పెద్దవారైపోయారు. అడిగి రాసుకోవడం ఇప్పుడే జరగాలి.

బండి ఉన్నవాళ్లు ఈలోగా చేయగలిగిన పనులు ఎవరి అనుమతీ అక్కర్లేనివి. స్పానరు పట్టుకునే ముందు ప్రతి భాగం ఫొటో తీయండి. పోత మీది అంకెలు, ముద్రలు రాసుకోండి. వింతగా కనిపించిన భాగాన్ని ‘ఎవరో మార్చి ఉంటారు’ అనుకునే ముందు, ఆ నెలల్లో ఫ్యాక్టరీయే అలా చేసిందేమో వెతకండి. భద్రత కోసం మార్చక తప్పనిది మార్చండి, బ్రేకులతో ఆటలాడకూడదు; కాని తీసిన భాగాన్ని పేరు, తేదీ రాసి బండితోనే ఉంచండి, బండి అమ్మితే దానితోనే పంపండి. తొలి భాగాన్ని దాని చోట ఉంచడమో, ఉంచలేకపోతే దాని ఆధారాన్ని ఉంచడమో, ఈ రెండింటిలో ఒకటి ప్రతి యజమానికీ సాధ్యమే. ఫ్యాక్టరీలు తమ తొలి నెలల గురించి రాయకుండా వదిలేసిన చరిత్ర ఇప్పుడు యజమానుల చేతుల్లో ఉంది. దాన్ని కాపాడే బాధ్యత కూడా వారిదే.